ముందు బూడిద రంగు, ఆ తర్వాతే మిగతావి

మార్కర్లతో బొమ్మలు మొదలుపెడదామనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఎన్ని రంగుల సెట్ కొనాలి అని. నలభై ఎనిమిదా, ఎనభయ్యా, నూట ఇరవయ్యా? నేను చెప్పేది విని చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు గానీ నా మాట మారదు: నాలుగు బూడిద రంగు మార్కర్లు కొనండి, కొన్నాళ్లు వాటితోనే వేయండి, రంగుల సంగతి తర్వాత చూద్దాం. వెలుగు ఎక్కడ పడింది, నీడ ఎక్కడ మొదలైంది, ఆ నీడలో ఎంత చీకటి ఉంది అన్నది కంటికి అలవాటైతే చేతిలో ఏ రంగున్నా బొమ్మ నిలబడుతుంది. అలవాటు కాకపోతే నూట ఇరవై రంగులూ బల్ల మీద పరుచుకుని కూర్చున్నా బొమ్మ చదునుగానే వస్తుంది.

మాది శ్రీకాకుళం. ఇంట్లో సిక్కోలు అనే అంటాం. ఆఫీసు పని అయ్యాక రాత్రిళ్లు, ఆదివారాలు నాకు బొమ్మలే లోకం. మొదట పెన్సిల్, తర్వాత వాటర్ కలర్స్, ఇప్పుడు కొన్నేళ్లుగా ఆల్కహాల్ మార్కర్లు. మా అక్క కూతురు ఇంటర్ చదువుతోంది, దానికీ ఇదే పిచ్చి. సెలవులకి వచ్చినప్పుడల్లా నా పక్కన కూర్చుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంది. ఈమధ్య "పిన్నీ, ఇవన్నీ నాకు గుర్తుండవు గానీ ఒకచోట రాసి పెట్టు" అంది. దానికోసం రాస్తున్నదే ఇది, ఇంకెవరికైనా పనికొస్తే మరీ సంతోషం.

ముందు చేతిలో ఉన్న వస్తువు సంగతి తెలియాలి. మన చిన్నప్పటి స్కెచ్ పెన్నుల్లో ఉండేది నీళ్ల ఇంకు. గీత పక్కన గీత గీస్తే రెండూ కలిసిన చోట ముదురు చార పడుతుంది, పోనీ అని రెండు మూడుసార్లు రుద్దితే కాగితం నూగు లేచిపోతుంది. ఆల్కహాల్ మార్కర్‌లో రంగు ఆల్కహాల్‌లో కరిగి ఉంటుంది. కాగితం మీద పెట్టగానే లోపలికి ఇంకి, ఆల్కహాల్ క్షణాల్లో ఆవిరై, రంగు మాత్రం ఉండిపోతుంది. దాని మీద మళ్లీ మార్కర్ పెడితే కొత్త ఆల్కహాల్ పాత రంగును కాస్త కరిగించి కదుపుతుంది. చారలు మాయమవడం, ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా జారిపోవడం, మరీ ఎక్కువ తడిపితే రంగు గీత దాటి బయటికి పారడం, అన్నీ ఈ ఒక్క కారణం వల్లే. నీళ్లలా కాగితాన్ని ఉబ్బించదు కాబట్టి షీటు వంకర్లు పోదు.

ఇంకో సంగతి ఉంది, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది. ఈ ఇంకు గాజులాగా అవతల ఉన్నది కనిపించనిస్తుంది. లేత రంగు మీద ముదురు పడుతుంది, ముదురు మీద లేత పడదు. తెలుపు కావాలంటే కాగితమే తెలుపు. ఆయిల్ పెయింట్ వేసేవాళ్లు ఆఖర్న వచ్చి తెల్లటి మెరుపు పెట్టుకోగలరు, మనకి ఆ వీలు లేదు, మొదటి గీత గీయకముందే ఎక్కడ కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేయాలో తేల్చుకోవాలి. తెల్ల జెల్ పెన్ ఉందిగా అంటారు. ఉంది, కంట్లో మెరుపుకి, ఆకు మీద నీటిబొట్టుకి బ్రహ్మాండంగా పనికొస్తుంది. అంతకుమించి దాంతో పని చేయిస్తే బొమ్మ మీద సుద్ద రాసినట్టుంటుంది.

అందుకే బూడిద రంగు ముందు అంటున్నాను. రంగు లేనప్పుడు కంటికి వెలుగునీడలు తప్ప ఇంకేం మిగలవు, తప్పించుకునే దారి ఉండదు. ఎరుపు పక్కన ఆకుపచ్చ పెడితే రెండూ ఒకే ముదురులో ఉన్నా బొమ్మలో ఏదో జరుగుతున్నట్టే అనిపిస్తుంది, అది రంగుల మాయ. ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌కి మార్చి చూడండి, రెండూ ఒకే ముద్దగా కనిపిస్తాయి. నేను ఇప్పటికీ ప్రతి బొమ్మకీ మధ్యలో ఇలా ఫొటో తీసి చూసుకుంటాను. మూడు మెట్లు స్పష్టంగా కనిపించాలి: వెలుగు, మధ్యస్తం, చీకటి. కనిపించకపోతే రంగులు పెంచను, చీకటి పెంచుతాను. చాలామంది బొమ్మల్లో లోపించేది అదే, ముదురు మార్కర్ ముట్టుకోవడానికి చేయి రాదు. కష్టపడి వేసింది పాడవుతుందేమోనని టెన్షన్. కానీ ఆ చీకటి పడితేనే పక్కనున్న వెలుగు వెలుగులా కనిపిస్తుంది.

మార్కర్ మీద ఉండే నంబర్లు కూడా ఈ మాటే చెప్తాయి. కాపిక్ మార్కర్లు జపాన్‌లో 1987లో వచ్చాయి, ఇప్పుడు 358 రంగులున్నాయి. వాటి కోడ్‌లో ముందుండే ఇంగ్లిష్ అక్షరం రంగు కుటుంబం: బి అంటే నీలం, జి అంటే ఆకుపచ్చ, ఈ అంటే మట్టి రంగులు, ఇలా. తర్వాత మొదటి అంకె ఆ రంగు ఎంత నిగారింపుగా ఉందో చెప్తుంది, సున్నా దగ్గర నిండు రంగు, తొమ్మిది వైపు వెళ్లేకొద్దీ మసక. ఆఖరి అంకె ఎంత ముదురో చెప్తుంది. ఈ31, ఈ33, ఈ35, ఈ37 అని వరసగా పెట్టుకుంటే ఒకే మట్టి రంగు లేత నుంచి ముదురుకి నాలుగు మెట్లు దిగినట్టు, వాటిని కలపడం తేలిక. బూడిద రంగుల్లోనే నాలుగు కుటుంబాలున్నాయి: చల్లటిది, వెచ్చటిది, అటూ ఇటూ కానిది, జిరాక్స్ నలుపుకి దగ్గరగా ఉండే టోనర్ గ్రే. నేను మొదటివాళ్లకి వెచ్చటిదే చెప్తాను, డబ్ల్యు1, డబ్ల్యు3, డబ్ల్యు5, డబ్ల్యు7. తర్వాత వీటి మీద పసుపు, గోధుమ రంగులు వేసుకున్నా కిందున్న నీడ చక్కగా ఒదిగిపోతుంది. కాపిక్ ఒక్కోటి వందల్లో ఉంటుంది, అదే కొనాలని లేదు. ఓహుహు, బ్రస్ట్రో లాంటివి చాలా తక్కువకి వస్తాయి, వాటి నంబర్ల పద్ధతి వేరే ఉంటుంది, అంతే. కాపిక్‌కి ఇంకు రీఫిల్ దొరుకుతుంది, అరిగిపోయిన నిబ్ మార్చుకోవచ్చు, అదీ దాని ధర వెనకున్న సంగతి. రోజూ వాడే ఒకటి రెండు రంగులు మాత్రం మంచివి కొనుక్కుని, మిగతావి చవకవి ఉంచుకోవడం నాకు సరిపోయింది.

క్యాప్ రంగుని నమ్మకండి. ఏ మార్కర్ కొన్నా ముందు చేయాల్సింది, మీరు బొమ్మ వేసే కాగితం మీదే చిన్న గడి నింపి, ఆరనిచ్చి, పక్కన నంబరు రాసుకోవడం. ఆరాక రంగు తేలికపడుతుంది. ఆ చార్టు గోడకి అంటించుకుంటే సగం సందేహాలు తీరతాయి.

ఇక వస్తువులు. బూడిద రంగుతో ఏం వేయాలి అంటే నేను బూడితి చెంబు అంటాను. బూడితి మన జిల్లా ఊరే, సారవకోట మండలం, అక్కడి ఇత్తడి, కంచు సామాన్లకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇక్కడ పాతకాలం ఇళ్లలో ఓ చెంబో బిందో ఉండే ఉంటుంది. దాన్ని కిటికీ పక్కన బల్ల మీద పెట్టండి, ట్యూబ్‌లైట్ ఆపేయండి, ఒక్క వైపు నుంచే వెలుగు రావాలి. వెలుగు ఎటునుంచి వస్తుందో ముందే లెక్క చూసుకోవడం మనవాళ్లకి కొత్తేం కాదు, అరసవల్లి సూర్యదేవుడి గుడిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు పొద్దుటి కిరణాలు తిన్నగా లోపలికి వచ్చి స్వామి పాదాలని తాకుతాయి, గుడి కట్టినవాళ్లు ఎంత లెక్క చూసుకుని ఉంటారో. మనం కనీసం చెంబుకి ఆపాటి మర్యాద ఇద్దాం.

ఇప్పుడు తొందరపడకుండా చూడండి. చెంబు కడుపు మీద కిటికీ ఆకారం నిలువు పట్టీలా తెల్లగా మెరుస్తుంటుంది, గుండ్రటి పొట్ట కాబట్టి ఆ పట్టీ కూడా వంగి ఉంటుంది. దాన్ని ఆనుకునే, మధ్యలో ఏ తటపటాయింపూ లేకుండా, దాదాపు నల్లగా ఒక చార ఉంటుంది. దాని పక్కన మధ్యస్తం, మళ్లీ సన్నటి వెలుగు, అంచు దగ్గర ఇంకో చీకటి. కింద, బల్లకి ఆనిన చోట, బల్ల రంగు పైకి కొట్టి నీడలో కూడా కొంచెం వెచ్చగా కనిపిస్తుంది. మెడ దగ్గర ఇవన్నీ తలకిందులుగా మళ్లీ వస్తాయి, చిన్నవిగా. లోహం అంటే ఇదే: వెలుగు, చీకటి పక్కపక్కనే కత్తితో కోసినట్టు ఉండాలి. మా అమ్మాయి మొదట వేసినప్పుడు ఎంతో ఓపిగ్గా అన్నిటినీ కలిపేసింది, లేత నుంచి ముదురుకి మెత్తగా, అందంగా. చెంబు కాస్తా కుండలా వచ్చింది. "ఏటి పిన్నీ, మెరవట్లేదు" అంది. కలపకు, ఆరనియ్యి, ఆరాకే పక్కన ముదురు పెట్టు అన్నాను. అంతే, రెండోదానికి లోహం వచ్చేసింది. ఇత్తడి అనిపించడానికి పసుపు కూడా అక్కర్లేదు, ఒట్టి బూడిద రంగులోనే అది ఇత్తడి. తర్వాత అదే బొమ్మని లేత పసుపు, పసుపు గోధుమ, ముదురు గోధుమ, ఇంకా ముదురు గోధుమతో వేయించాను, ఏ మెట్టు ఎక్కడ పెట్టాలో చేతికి తెలిసే ఉంది కాబట్టి ఒక్క కూర్చోవడంలో అయిపోయింది.

కలపకూడని చోటు చెప్పాను, కలపాల్సిన చోటు చెప్పాలి. మామిడిపండు బుగ్గ, మనిషి బుగ్గ, కుండ, మేఘం, ఇవి మెత్తటివి. ముందు లేత మార్కర్‌తో ఆ భాగమంతా తడపండి, గీతలు కనిపించేలా పైపైన కాదు, కాగితం బాగా తాగేలా. తడి ఆరకముందే మధ్య రంగుని నీడ వైపు నుంచి లోపలికి విదిలించినట్టు గీయండి, మొదట నొక్కి, చివర తేలుస్తూ. కుంచెలా మెత్తగా వంగే బ్రష్ నిబ్ ఇందుకే. మళ్లీ లేత మార్కర్ తీసుకుని ఆ రెండూ కలిసే అంచు మీద చిన్న చిన్న సున్నాలు చుట్టండి. తర్వాత ముదురు, ఇంకా తక్కువ జాగాలో, మళ్లీ మధ్య రంగుతో దాని అంచు చెరపడం. ఎప్పుడూ రెండు రంగుల్లో లేతదానితోనే కలపాలి. గీత దాకా తీసుకెళ్లకండి, వెంట్రుకవాసి లోపలే ఆపండి, ఇంకు తనంతట తనే గీత దాకా పాకుతుంది. మన ఎండాకాలంలో ఫ్యాన్ కింద కూర్చుంటే తడి అసలు నిలవదు, అంచులు గట్టిపడిపోతాయి, అందుకే నేను పెద్ద ఆకాశం లాంటివి వేసేటప్పుడు ఫ్యాన్ ఆపేసి, అయ్యాక వేసుకుంటాను. కిటికీ మాత్రం తెరిచే ఉండాలి, ఆల్కహాల్ వాసన మూసిన గదిలో తల పట్టేస్తుంది. పెద్ద జాగాకి వెడల్పు చిజెల్ నిబ్ వాడండి, బ్రష్ నిబ్‌తో ఆకాశం నింపడం చేతికీ శ్రమే, నిబ్‌కీ అరుగుదలే.

కాగితం దగ్గరే చాలామంది డబ్బు వృథా చేస్తారు. డ్రాయింగ్ బుక్ కార్ట్రిడ్జ్ షీటు గరుకుగా ఉండి ఇంకు విపరీతంగా తాగేస్తుంది, మార్కర్ తొందరగా ఎండిపోతుంది, అంచులు నూగునూగుగా వస్తాయి. కావాల్సింది నున్నటి కాగితం. మార్కర్ పేపర్ అని విడిగా అమ్ముతారు, కొన్నిటికి ఇంకు కిందికి దిగకుండా వెనక పూత ఉంటుంది. అది ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. సాధన చేయడానికైతే పిల్లల ప్రాజెక్టులకి కొనే ఐవరీ షీటు చక్కగా పనికొస్తుంది, ఏ స్టేషనరీ షాపులోనైనా దొరుకుతుంది. ఏదైనా సరే కింద ఇంకో కాగితం వేసుకోండి, ఆల్కహాల్ ఇంకు వెనక్కి దిగకుండా ఉండటం అరుదు.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడిన చిట్కా జిరాక్స్ షాపు. కాపిక్ ఇంకు పుట్టడమే జిరాక్స్ టోనర్‌ని కరిగించకుండా ఉండేలా పుట్టింది, డిజైనర్లు కాపీల మీద రంగులు వేసుకునేవాళ్లు. మిగతా ఆల్కహాల్ మార్కర్లతో కూడా టోనర్ గీతలు నాకెప్పుడూ చెదరలేదు. కాబట్టి ఒక మంచి గీతబొమ్మ వేసుకుని, మన ఐవరీ షీట్లు మనమే కోసి తీసుకెళ్లి, ఏడు రోడ్ల కూడలి దగ్గరో ఇంకెక్కడో, మందం కాగితం తీసుకునే మిషన్ ఉన్న షాపులో కొన్ని కాపీలు తీయించుకోండి. ఒకదాని మీద పొద్దుటి వెలుగు, ఒకదాని మీద సాయంత్రం, ఒకదాని మీద బూడిద రంగు మాత్రమే. ఒరిజినల్ పాడవుతుందన్న భయం పోతుంది, ఆ భయం పోతేనే చేయి ముదురు రంగు దాకా వెళ్తుంది. ఇంక్‌జెట్ ప్రింటు మీదైతే ముందు ఓ మూల రాసి చూసుకోండి, దాని నలుపు చెదిరే అవకాశం ఉంది. చేత్తో గీసేవాళ్లు పిగ్మెంట్ ఇంకు ఉన్న సన్న మొన పెన్ను, ఫైన్‌లైనర్ అంటారు, అది వాడండి, బాగా ఆరనిచ్చి మార్కర్ పెడితే కదలదు. బాల్ పెన్ గీతల మీద మాత్రం ఆల్కహాల్ పెట్టొద్దు, ఆ ఇంకు కరిగి పారుతుంది. పెన్సిల్ గీతలు ముందే చెరిపేయండి, ఆ నలుసు నిబ్‌కి అంటుకుని లేత రంగులన్నీ మురికి చేస్తుంది.

తెల్లబట్ట వేయాలంటే పొందూరు ఖాదీ కన్నా మంచి గురువు దొరకదు. వాలుగ చేప దవడతో దూది ఏకి, సన్నగా వడికిన నూలు అది, పంచె మడత పెట్టి కుర్చీ మీద వేస్తే మడతలు పదునుగా నిలబడవు, మెత్తగా కూలుతాయి. బొమ్మలో ముప్పాతిక వంతు కాగితాన్ని వదిలేయాల్సిందే. డబ్ల్యు1తో మడత లోపలి నీడ, ఎక్కడో ఒకచోట డబ్ల్యు3, అంతే. చేయి ఆపుకోవడం నేర్చుకోవాలంటే ఇది వేయండి.

లేత ముందు, ముదురు తర్వాత అన్నది ఎంత నిజమో శ్రీకూర్మంలో తాబేళ్లని వేసేటప్పుడు బాగా అర్థమవుతుంది. గుడికి వెళ్లినవాళ్లందరూ చూసే ఉంటారు, ఆ నక్షత్ర తాబేళ్ల డిప్ప మీద ప్రతి గడి మధ్య నుంచీ పసుపు కిరణాలు బయలుదేరి నలుపు మీద పరుచుకున్నట్టుంటాయి. చూడగానే కంటికి నలుపు మీద పసుపు గీతలు అనిపిస్తుంది. మార్కర్‌తో అలా వేయలేం. డిప్ప మొత్తం ముందు లేత పసుపు పూయాలి, గుండ్రం తెలిసేలా నీడ వైపు పసుపు గోధుమ కలపాలి, ఆరాక కిరణాలని వదిలేసి వాటి మధ్య ఖాళీలని మాత్రం ముదురు గోధుమతో నింపుకుంటూ పోవాలి. అంటే గీసేది కిరణాన్ని కాదు, రెండు కిరణాల మధ్య చీకటిని. అలా కొన్ని గడులు నింపేసరికి చూపు మారిపోతుంది, ఆ తర్వాత జామచెట్టు ఆకుల మధ్య ఆకాశం తునకలైనా, కొబ్బరాకు ఈనెల మధ్య సందులైనా వాటంతట అవే కనిపిస్తాయి. అక్కడి మండపం గోడల మీద పాత చిత్రాలు కూడా తీరిగ్గా చూడండి, కొద్దిపాటి రంగులతోనే గోడలు గోడలు నింపారు.

ఒంటి రంగు గురించి చెప్పకుండా ఆపలేను. స్కిన్ టోన్ సెట్ అని అమ్మే వాటిలో చాలావరకు పాలిపోయిన గులాబీ రంగులే ఉంటాయి. వాటితో మన మనుషుల్ని వేస్తే ఎవరో పరాయివాళ్లలా వస్తారు. నా బొమ్మల్లో ఇది నాకు చాలా ముఖ్యమైన సంగతి. కళింగపట్నం తీరంలో వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన్ని, అడిగి, ఫొటో తీసుకుని వేశాను. ఎండలో పండిన ఒళ్లు. నల్లగా ఉన్నారు కదా అని ముదురు గోధుమ ఒక్కటి నింపితే మనిషి పోయి ఆకారం మిగులుతుంది. ఆ ఒంటిలో ఎన్ని రంగులో చూడండి: నుదుటి మీద, భుజం ఎముక మీద ఆకాశం పడి నీలంగా, దాదాపు తెల్లగా మెరుస్తుంది. ముదురు ఒంటి మీద మెరుపు లేత ఒంటి మీద కన్నా గట్టిగా ఉంటుంది, అది వదలకపోతే ఎండే లేదు బొమ్మలో. చెంపల మీద, చెవి అంచున ఎర్రమట్టి రంగు. ఇసుక నుంచి పైకి కొట్టిన వెలుగు వల్ల దవడ కింద వెచ్చగా. నీడలో నలుపు లేదు, ఊదా ఉంది. నేను చేసింది ఇది: మెరుపులు వదిలేసి మొత్తం లేత నారింజ ఒక పూత, దాని మీద ఈ33, ఈ35, ఈ37, ఆఖర్న నీడల్లో బివి23, అది మసక ఊదా. గోధుమ మీద ఊదా పడగానే నీడకి లోతొస్తుంది, నల్ల మార్కర్ పెడితే ఆ చోట బొగ్గు రాసినట్టయ్యేది. నలుపు కంటిపాపకీ వల ముడులకీ మాత్రం ఉంచాను. నెరిసిన గడ్డం కోసం కాగితాన్నే వదిలి మధ్యమధ్య డబ్ల్యు3తో సన్న గీతలు. ఈ బొమ్మ చూసి మా అమ్మ "ఈయన మన వాడమ్మా" అంది, నాకు ఆ మాట కన్నా ఏం కావాలి.

రంగు గురించి ఇంకా తెలుసుకోవాలనుకునేవాళ్లకి వేరే దేశం వెళ్లక్కర్లేదు. వడ్డాది పాపయ్య గారు, వ.పా. అని సంతకం చేసే ఆయన, 1921లో ఇదే శ్రీకాకుళంలో పుట్టారు. చందమామ అట్టలు ఆయన చేతుల మీదుగా ఎన్ని వచ్చాయో. ఆయన వాడింది మార్కర్లు కాదు, నీటి రంగులే ఎక్కువ, కానీ పారదర్శకమైన రంగుతో పనిచేసేవాళ్లకి ఆయన బొమ్మలు పాఠాలే. ఏదైనా ఒక ముఖచిత్రం దగ్గర పెట్టుకుని, అందులో ఎక్కడెక్కడ కాగితం తెలుపు కనిపిస్తోందో, ఒంటి మీద నీడకి ఏ రంగు వాడారో, వెచ్చటి రంగు పక్కన చల్లటి రంగు ఎలా కూర్చుందో మీ మార్కర్లతో చిన్న గడుల్లో పట్టుకోవడానికి ప్రయత్నించండి. బొమ్మ మొత్తం నకలు తీయక్కర్లేదు, రంగుల వరస పట్టుకుంటే చాలు. మా అమ్మాయితో ఇదే చేయిస్తున్నాను, దాని చెట్లలో ఆకుపచ్చ తప్ప వేరే రంగు ఉండేది కాదు, ఇప్పుడు నీడల్లో నీలం, ఊదా వస్తున్నాయి.

జాగ్రత్తలు కొన్ని గబగబా చెప్పేస్తాను. రెండు వైపులా నిబ్ ఉన్న మార్కర్లని పడుకోబెట్టి దాచండి, నిలబెడితే ఇంకు ఒక వైపుకే దిగుతుంది. క్యాప్ టిక్ మనేదాకా నొక్కండి. వానాకాలంలో కాగితం తేమ పడుతుంది, ఇంకు ఎక్కువ పాకుతుంది, అందుకని నా షీట్లు ప్లాస్టిక్ కవర్లో బీరువాలో ఉంటాయి. వీటిలో ఉండేది డై కాబట్టి ఎండ తగిలితే వెలిసిపోతుంది, బొమ్మని హాల్లో కిటికీ ఎదురుగా తగిలించకండి, స్కాన్ చేసి ప్రింటు తగిలించి అసలుది ఫైల్లో పెట్టుకోండి. రంగు లేని బ్లెండర్ మార్కర్ మాత్రం మొదట్లోనే కొనొద్దు. పేరు బ్లెండర్ అయినా రంగులు కలపడానికి లేత మార్కరే మేలు, ఇది రంగుని వెనక్కి నెడుతుంది, గీత దాటిన రంగుని లోపలికి తోయడానికో, బట్ట మీద మచ్చల అల్లిక తేవడానికో తర్వాతెప్పుడో పనికొస్తుంది.

ఇప్పుడు బల్ల మీదున్నది తేలినీలాపురం పక్షులు. టెక్కలి దగ్గర ఆ ఊరికి చలికాలానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు దిగుతాయి, చింతచెట్ల మీద గూళ్లతో ఊరంతా గోలగోలగా ఉంటుంది. గూడబాతు ఒంటి రంగు తెలుపూ కాదు, బూడిదా కాదు, వెనక ఆకాశం కూడా అంతే తెల్లగా ఉంటుంది, రెండూ కాగితమే అయితే పక్షి ఎక్కడుందో తెలియదు. నేను అనుకుంటున్నది, ఆకాశానికి చల్లటి బూడిద సి1 ఒక్క పూత వేసి పక్షి వీపుని కాగితంగా వదిలి, రెక్క కింద డబ్ల్యు3 పెట్టాలని. చల్లటి బూడిద వెనక్కి వెళ్తుంది, వెచ్చటిది ముందుకొస్తుంది, కాపీల మీద వేసి చూస్తే పని చేస్తున్నట్టే ఉంది. ముక్కు కింద సంచి రంగే ఇంకా తేలలేదు. ఫొటోల్లో ఒక్కోదాంట్లో ఒక్కోలా, గులాబీ అని ఒకచోట, ఊదా అని ఒకచోట. ఈసారి అవి దిగగానే చార్టు చేత్తో పట్టుకుని వెళ్లి, చెట్టు కింద నిలబడి పోల్చి చూసుకుని వచ్చాకే ఆ మార్కర్ కొంటాను.